ముందుకు నడిచి వేసిన నాటు

ఆదివారం ఉదయం ఆరింటికి సికింద్రాబాద్‌లో రైలెక్కాం. మేమంటే వరి మీద పరిశోధన చేసే డాక్టర్ శేషయ్య గారు, ఆయన పరిశోధనను వీడియో తీసిన నేను, దుప్పట్లో చుట్టిన వీసీఆర్. కిటికీ పక్క సీటు వీసీఆర్‌కే దక్కింది.

డాక్టరు గారు ఐదేళ్లు కష్టపడి తేల్చింది చిన్న సంగతే. నాటు వేసేటప్పుడు రెండేసి మీటర్లకు జానెడు బాట వదిలితే పైరుకు గాలి, వెలుతురు తగిలి, దుబ్బుల రసం పీల్చే సుడిదోమ తగ్గుతుంది. నేల దండగని రైతులు వినలేదు. టీవీలో చూపిస్తే వింటారని ఆయన ఆశ. మేం వెళ్తున్న ఊళ్లో నాట్లు సోమవారమే మొదలు. ఈసారీ వినకపోతే మరో పంట దోమపాలే.

ఎనిమిదిన్నరకు స్టేషన్ ఘన్‌పూర్‌లో టీ తాగాం. ఎదురు సీటు పెద్దాయన వీసీఆర్‌ను చూసి "ఏం సిన్మ సారూ?" అన్నాడు. వరి నాటు అని చెప్పాను.

"అది చూడనీకి టీవీ ఎందుకు, కిటికీ ఉండంగ?"

డాక్టరు గారు టీ మీద దృష్టి పెట్టారు.

కాజీపేటలో దిగి, హన్మకొండలో టీవీ అద్దెకు తీసుకుని, బస్సులో హసన్‌పర్తి, అక్కణ్నించి రిక్షాలో ఊరు చేరాం. మేం టీవీ పెట్టిన చర్చిలో పన్నెండింటికి ప్రార్థన ముగిసింది. పాస్టరు గారు దీవెనతో పాటు మా వీడియో సంగతీ ప్రకటించారు. ఒక్కరూ ఇంటికి కదల్లేదు.

వీడియో మొదలైన ఐదు నిమిషాలకే ఆడవాళ్లలో నవ్వు మొదలైంది. నాట్ల గుంపుకు పెద్ద అయిన మరియమ్మ లేచి నిలబడింది.

"సారూ, మేం ఎనుకకు నడుసుకుంట నాటేస్తం. గీళ్లు ముందలికి నడుస్తాండ్రు. ఏసిన నారు తొక్కుకుంట పోతె మీ సుడిదోమకు తిననీకి ఏం మిగుల్తది?"

చర్చంతా ఘొల్లుమంది. ముఖాలు కనపడాలని వీడియోలోని కూలీలను కెమెరా వైపు నడిపించింది నేనే. డాక్టరు గారు తీసిన రోజే వద్దన్నారు. ఎవరు గమనిస్తారు లెండి అన్నాను.

ఆయన నా వంక చూడలేదు. "తప్పు నాదేనమ్మా" అన్నారు. నేను వీసీఆర్ తీగలు సర్దుతూ ఉండిపోయాను. సిగ్గేసింది.

"ఇయ్యాల ఆదివారం, పని ముట్టం. రేపు మా మడిల దిగి మీరే నాటేసి చూపియ్యుండ్రి" అంది మరియమ్మ.

ఆ పూటకు పాస్టరు గారింట్లోనే భోజనం, పడక. సోమవారం ఏడింటికి డాక్టరు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మడిలో దిగారు. వెనక్కి నాలుగడుగులు వేసి బురదలో చతికిలబడ్డారు. మరియమ్మ నవ్వుతూనే చెయ్యిచ్చి లేపింది. ఆయన మళ్లీ నడుం వంచి, తాడు పట్టించి, బాట ఎందుకో చెబుతూ గంటసేపు నాటారు. వరసలు వంకరగా ఉన్నాయి గానీ నవ్వు మాత్రం ఆగిపోయింది.

"సర్లె సారూ. గీ ఒక్క మడిల బాటలు ఇడుస్త. మంచిగ పండితె వచ్చే ఏడు అన్నిట్ల ఇడుస్త."

మధ్యాహ్నం వరంగల్‌లో తిరుగు రైలెక్కాం. తప్పు చేసింది నేనని అక్కడ ఎందుకు చెప్పలేదని డాక్టరు గారిని అడిగాను.

"చెబితే మిమ్మల్ని మడిలో దింపేవాళ్లు. మీకు నాటు రాదుగా" అన్నారు.

ఈసారి కిటికీ పక్క సీటు ఆయనకిచ్చి, వీసీఆర్‌ను ఒళ్లో పెట్టుకున్నాను. పక్కనున్నాయన అందులో ఏం సినిమా అని అడిగాడు. డాక్టరు గారు నోరు తెరిచేలోగా నేనే చెప్పాను.

"వరి నాటు. తప్పుగా తీసింది నేను."