ఊరు అడగని రోజు

మంగళవారం ఉదయం మా పెద్ద సిస్టర్ పోయారు. ఇన్నేళ్లూ తను నర్సుగా పనిచేసిన తిరుపతి ఆసుపత్రిలో, తను కాపలా కాసిన వార్డులోనే పోయారు. రక్తంలో క్రిమి చేరింది. అది ఏ క్రిమో చివరిదాకా తెలియలేదు. తెలుసుకోవలసిన పని నాది. నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ని.

ఆ వార్డులో మీరెప్పుడైనా చేరి ఉంటే ఆమె మీ ఊరు అడిగే ఉంటారు. చలిజ్వరంతో వణికే రోగికి కొత్త మందు ఎక్కించకముందే రక్తం తీసి, సీసాలో పోసి, అందులో ఏం పెరుగుతుందో చూస్తాం. పెరిగిన క్రిమిని బట్టి డాక్టర్లు మందు మారుస్తారు. సూది గుచ్చేముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకముందే గుచ్చితే చర్మం మీది క్రిమి సీసాలోకి పోతుంది. దొంగను వదిలేసి పక్కింటివాణ్ని పట్టుకున్నట్టవుతుంది. ఆ కాసేపు ఆగడమే మా అందరికీ కష్టం. ఆమె గడియారం చూసేవారు కాదు. దూది పారేసి రోగిని అడిగేవారు.

"మీ ఊరికి బస్సు యాడ ఎక్కాలప్పా? యాడ దిగాల?"

తమిళనాడు సరిహద్దులోని తడ నుంచి వచ్చినవాళ్లు సగం తమిళంలో దారి చెప్పేవారు. చెప్పడం అయ్యేసరికి చేయి ఆరేది, భయమూ కొంత తగ్గేది. తిరుమలలో అంగడి పెట్టుకున్న ఒక ముసలాయన "కొండకు పొయ్యే బస్సు ఎవురికి తెలీదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అట్లయితే దావలో మలుపులెన్నో చెప్పు" అన్నారామె. ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

నేను చేరిన కొత్తలో తుడిచిన చోటే మళ్లీ వేలు పెట్టి నరం తడిమాను. రోగి ముందు ఆమె ఏమీ అనలేదు. వరండాలోకి వచ్చాక, "ఇల్లు అలికి, చెప్పులేసుకోని తిరుగుతావా నువ్వు?" అన్నారు. ఎండాకాలం వాళ్ల ఊరి మామిడిపండ్లు సంచీతో తెచ్చేవారు. పంచేముందు మా చేతులు చాపించి చూసేవారు, డాక్టర్లవైనా సరే. కడుక్కోనివాడికి టెంకే మిగిలేది. నాకు రెండుసార్లు మిగిలింది.

రిటైరైన ఏడాదికే పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించుకోవడానికి మా దగ్గరికే వచ్చారు. ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు చలి మొదలైంది. రక్తం తీయమని డాక్టరమ్మ చెప్పగానే ఆమె నన్నే పిలిపించారు.

"నువ్వే తియ్యప్పా. నీ చెయ్యి నాకు తెలుసు."

ఒక చేయి సెలైన్‌తో వాచిపోయింది. మిగిలింది ఒక్క చేయి. మంచం కదిలేంతగా వణుకుతున్నారు. ఆమెను అలా చూడలేకపోయాను. తుడిచాను, వెంటనే గుచ్చాను.

"ఊరడగలేదేం?" అన్నారు.

"మీ ఊరు నాకు తెలీదా అక్కా," అన్నాను.

ఆ వణుకులోనే నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి రోజు సీసాలో పెరిగింది, అందరి చర్మం మీదా ఉండే క్రిమి. "ఇది రక్తంలోదా, చర్మం మీదిదా?" అని డాక్టరమ్మ అడిగింది. నేను చెప్పలేకపోయాను. ఆరకముందే గుచ్చానని సిస్టర్‌కి మాత్రం వెళ్లి చెప్పాను. "నీ తప్పు కాదులే. నా చర్మమే మంచిది కాదు," అన్నారు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రానికి ఆమెకు మాట పోయింది. మళ్లీ రక్తం తీశాను. ఈసారి ఆరేదాకా ఆగాను. కానీ అప్పటికే ఒంట్లోకి మందు పోయి ఉంది, అందుకే సీసాలో ఏమీ పెరగలేదు. ఆ తర్వాత ఇచ్చిన మందులన్నీ ఊహ మీద ఇచ్చినవే. ఒక్కటీ పనిచేయలేదు. మొదటిసారి సరిగ్గా తీసి ఉంటే బతికేవారా అని డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేం" అంది. ఆ మాటతోనే నేను బతకాలి.

బుధవారం ఆమె ఊరి చర్చిలో మట్టికి, అంత్యక్రియలకు, వెళ్లడానికి చిత్తూరు మీదుగా బస్సెక్కాను. బంగారుపాళ్యం వచ్చింది. ఆమె ఊరి పేరు తెలుసు. ఎక్కడ దిగాలో తెలియదు. ఇన్నేళ్లలో ఆమెను నేను ఒక్కసారీ అడగలేదు. కండక్టర్‌ని చర్చికి దారి అడిగాను.

"మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాడ దిగప్పా," అన్నాడతను. "ఎడంపక్క మట్టిదావ ఉండాది. తోపు దాటినాక రెండుగా చీలతాది, కుడిదాంట్లో పో. ఇంకొంచెం నడిస్తే బోరింగు వస్తాది. ఆడ ఎవుర్నడిగినా సర్చి సూపిస్తారు."

చేత్తో గాలిలో దారి గీస్తూ, నిదానంగా చెప్పాడు. అతను చెప్పినంత సేపట్లో, ఆ రోజు సిస్టర్ చేతి మీద స్పిరిట్ ఆరిపోయి ఉండేది.