నలభయ్యో లెవెల్ టీచర్

2008లో నేను సికింద్రాబాద్‌లో ఒక ఆన్‌లైన్ గేమ్ కంపెనీలో గేమ్ మాస్టర్‌గా పనిచేసేవాణ్ణి. పేరు పెద్దదే గాని, పని ఫిర్యాదులు చూడటం. ఆటలో ఎవరు ఎప్పుడు ఏ దెబ్బ కొట్టారో, అది ఎంత తగిలిందో సర్వర్ వరసగా రాసిపెడుతుంది. దాన్ని లాగ్ అంటాం. గొడవ వస్తే మాకు అదే సాక్ష్యం.

మా ఆటలో ఎంతసేపు కూర్చుంటే అంత లెవెల్ పెరుగుతుంది. లెవెల్‌తో పాటే కత్తికీ కవచానికీ బలం పెరుగుతుంది. డెబ్బయ్యో లెవెల్ వాడికి నలభయ్యో లెవెల్ వాళ్లు ఎదురుపడితే నాలుగు దెబ్బల్లో పోవాలి. ఆ వర్షాకాలంలో ఒకరు పోలేదు. పోకపోగా, మా సర్వర్‌లోని అతిపెద్ద గిల్డ్‌, అంటే ఆటగాళ్ల జట్టు, దాని నాయకుణ్ణి వరసగా మూడుసార్లు ఓడించారు.

అతను ఆఫీసుకే ఫోన్ చేశాడు. "ఏడాదిన్నర సంది రోజుకు పన్నెండు గంటలు ఆడుతున్న సార్. నౌకరీ సుత ఇడిసిపెట్టిన. గిట్ల ఎవరో వచ్చి కొట్టిపోతే నేను గిన్ని దినాలు ఏం చేసినట్టు? హ్యాకింగే అది."

రెండు రోజులు కూర్చుని లాగ్ చదివాను. హ్యాకింగ్ అయితే దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి ఉండాల్సిన దానికన్నా తగ్గాలి. ఎక్కడా తగ్గలేదు. అతను పెద్ద దెబ్బ వేశాక మూడు సెకన్లు కదల్లేడు. ఎదుటివాళ్లు ప్రతిసారీ ఆ దెబ్బ తప్పించుకుని, సరిగ్గా ఆ మూడు సెకన్లలోనే కొట్టారు. ఒక్కో పోటీలో అరవై, డెబ్బై సార్లు, ఓపిగ్గా.

వివరణ ఇమ్మని ఆ గెలిచినవాళ్లకి మెయిల్ పెడితే, మర్నాడు సాయంత్రం నలభై ఏళ్ల ఆవిడ వచ్చింది. పేరు గ్రేస్. మారేడ్‌పల్లిలో ఒక స్కూల్లో లెక్కల టీచర్. బడి వదిలాక పక్కనున్న నెట్ సెంటర్లో రోజూ ఒక గంట ఆడుతుందట.

"పెద్ద దెబ్బ వేసే ముందు ఆ బొమ్మ భుజం కొంచెం వెనక్కి పోతుందండీ. అది కనిపెట్టడానికే నాకు రెండు నెలలు పట్టింది," అంది నవ్వుతూ.

డెబ్బయ్యో లెవెల్ టెస్ట్ అకౌంట్ నేను తీసుకుని అక్కడే ఆవిడతో ఆడాను. రెండుసార్లు ఓడిపోయాను. "లాగ్ శుభ్రంగా ఉంది మేడమ్, మీరేం కంగారు పడొద్దు," అని పంపించాను.

మా మేనేజర్ లాగ్ తెరవనైనా లేదు. "ఆవిడ రోజుకి ఒక గంట ఆడుతుంది. గిల్డ్‌లో అంతమంది రోజంతా ఆడతారు. మానేస్తామని మెయిల్స్ పెడుతున్నారు. ఎవర్ని ఉంచుకుందాం, నువ్వే చెప్పు."

"ఆవిడ తప్పేం చెయ్యలేదు సార్."

"చేసిందని నేనన్నానా? బ్యాన్ చెయ్యమన్నాను."

బ్యాన్ చేసే స్క్రీన్‌లో కారణం గడి ఖాళీగా వదిలితే పని జరగదు. జాబితాలోంచి ఒకటి ఎంచుకోవాలి. నాకప్పటికి పెళ్లై నాలుగు నెలలు. ఉద్యోగం పోతుందేమోనని భయం. 'అక్రమ సాఫ్ట్‌వేర్ వాడకం' ఎంచుకుని నొక్కాను. నిషేధించినవాళ్లు ఆటలో పెట్టుకున్న పేర్లు, కారణాలతో సహా, మా సైట్‌లో అందరికీ కనిపిస్తాయి.

రెండు వారాలకి ఆవిడ మళ్లీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా తొమ్మిదో తరగతి పిల్లలూ ఆ సెంటర్లోనే ఆడతారండీ. నా ఆట పేరు వాళ్లకి తెలుసు. మొన్న పరీక్షలో ఒకమ్మాయి చీటీ పెట్టుకుంటే పట్టుకున్నాను. 'మీరు సుత చీటింగ్ చేసిండ్రు కదా మేడమ్' అంది. క్లాసంతా నవ్వారు. నన్ను తీసెయ్యాలంటే తీసెయ్యండి. దొంగాట అని ఎందుకు రాశారు? మీరే కదా ఆడి చూశారు?"

"పైనుంచి చెప్పారు మేడమ్."

"రాసింది మీరే కదండీ," అని వెళ్లిపోయింది.

తర్వాత కంపెనీ నిబంధనే మార్చింది. ఇరవై లెవెళ్లు పైనున్నవాడికి కిందివాళ్ల దెబ్బ అసలు తగలదు. గిల్డ్ పండగ చేసుకుంది. కొన్నాళ్లకి, ఎదురు నిలిచేవాళ్లు లేక విసుగొచ్చి ఆ నాయకుడే ఆట మానేశాడు. మేనేజర్ వేరే కంపెనీకి వెళ్లిపోయాడు.

ఆ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఆజ్ఞ ఇంకొకరిదైనా, అబద్ధం రాసిన చెయ్యి నాది. మేనేజర్ వెళ్లాక ఏడాదిపాటు నేను నా పాత సీట్లోనే ఉన్నాను. ఆవిడ పేరు పక్కనున్న ఆ కారణాన్ని తీసెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా తియ్యలేదు.