విమానపాయన రాయి

రిపోర్టు చేతికి రానిదే నేను ఏ సంగతీ నమ్మను. బొగ్గు గనుల ఊళ్లో దవాఖానా ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం నాది. ఉద్యోగం వల్ల ఈ గుణం వచ్చిందో, గుణం వల్లే ఉద్యోగంలో కుదురుకున్నానో చెప్పలేను. మా ఆయన మాత్రం పోలీసు డిపార్టుమెంటు ఒక మంచి మనిషిని పోగొట్టుకుందని అంటుంటాడు. అననీ. కానీ పోయిన ఏడాది నా ఆరాల పిచ్చి మా పెద్దమ్మకు అన్నం సహించకుండా చేసింది, చివరికి ఇద్దరినీ విశాఖ సముద్రం ఒడ్డున ఉన్న యుద్ధ విమానాల మ్యూజియం దాకా తీసుకుపోయింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. అమ్మ గని కార్మికుణ్ణి పెళ్లి చేసుకుని కోల్‌బెల్టుకు వచ్చేస్తే, పెద్దమ్మ పుట్టిన ఊళ్లోనే ఉండిపోయింది. పర్ణశాల దాటాక గోదారిని వదిలి అడవిలోకి మళ్లితే వచ్చే చిన్న ఊరది. కాస్త పోడు భూమి, కొన్ని మేకలు, ఎండాకాలంలో ఇప్పపువ్వు, తునికాకు, ఇదీ ఆమె బతుకు. ఇంట్లో తమ గిరిజన భాషే మాట్లాడుతుంది, నాతో మాత్రం తెలుగు. నాకు ఆ భాష సగమే వచ్చు. "సగం మాటొస్తే సగం సంగతే తెలుస్తది బిడ్డా" అని ఎగతాళి చేస్తుంది.

ఆ ఊళ్లో పోయినవాళ్లకు రాయి నిలబెడతారు. ఊరి బయట చెట్ల మధ్య నడుమెత్తువి, మోకాలెత్తువి వరుసగా ఉంటాయి. పంట చేతికొచ్చాక చేసుకునే కొత్తల పండుగనాడు ముందు ఆ రాళ్ల దగ్గర అడ్డాకు విస్తళ్లలో అన్నం, కోడికూర పెట్టిన తరువాతే ఇళ్లలో తింటారు. వరుస చివర కొంచెం ఎడంగా ఉన్న రాయి మాత్రం మా చుట్టాల్లో ఎవరిదీ కాదు. అది విమానపాయనది. ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తారు, అసలు పేరు ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తెల్లవారుతుండగా ఇప్పపువ్వు ఏరడానికి పోయిందట. పైన చెవులు పగిలేలా చప్పుడైంది. ఆ వెనకే కొమ్మలు విరిగిన చప్పుడు. భయపడుతూనే వెళ్లి చూస్తే వాగు ఇసుకలో ఒక పెద్ద లోహపు వస్తువు కూరుకుపోయి ఉంది. రెండు కొసలా సన్నగా, నడుమ లావుగా, మనిషి కంటే పొడుగ్గా, ఒక పక్క చీలి ఉంది. కిరసనాయిలు వాసన గుప్పుమంటోందట. ఏరిన పువ్వు అక్కడే పారబోసి ఊళ్లోకి పరుగెత్తింది. అది కూలిన విమానం ముక్కేననుకుని మా తాత, మిగతా మగవాళ్లు అడవంతా గాలించారు. మనిషి జాడ లేదు, బట్టపీలిక కూడా దొరకలేదు. విమానం నడిపినాయన గాలిలోనే కాలిపోయి ఉంటాడనీ, లేదంటే గోదారి తీసుకుపోయి ఉంటుందనీ పెద్దలు తేల్చారు. ఎవరి కొడుకో తెలియదు, మన పొలిమేరలో పోయాడు కాబట్టి మనవాడే అన్నాడట తాత. రాయి తెచ్చి నిలబెట్టాడు. ఆ లోహపు వస్తువును రాయి పక్కనే పడుకోబెట్టారు. మొదట చూసింది పెద్దమ్మే కాబట్టి ఆయనకు విస్తరి పెట్టే పని ఆమెకు అప్పగించారు. ఆ రోజుల్లో ఊరికి రోడ్డు లేదు, వచ్చి అడిగిన ఆఫీసరూ లేడు.

ఈ కథ వింటూనే పెరిగాను. నాకు ఏ అనుమానమూ రాలేదంటే, నా గుణం తెలిసినవాళ్లు నమ్మరు. పోయిన ఎండాకాలం మా దవాఖానాలో ఎక్స్‌రే తీసే అతను పిల్లల్ని తీసుకుని విశాఖ వెళ్లి, వాట్సాప్ గ్రూపులో ఫోటోలు కుమ్మరించాడు. ఒక ఫోటోలో అతని పాప చిన్న యుద్ధ విమానం పక్కన నిలబడి నవ్వుతోంది. నేను పాపను చూడలేదు. పాప తల వెనక, రెక్క కింద వేలాడుతున్న వస్తువును వేళ్లతో పెద్దది చేసి చూశాను. రెండు కొసలా సన్నగా, నడుమ లావుగా ఉంది.

వెంటనే ఫోనులో వెతికాను. అది దూరం పోయే విమానాలకు తగిలించే అదనపు ఇంధనం ట్యాంకు అనీ, అవసరమైతే పైలట్ దాన్ని గాల్లోనే వదిలేస్తాడనీ తెలిసింది. ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పెద్దమ్మ ముందు వాలిపోయాను. ఫోటో చూడగానే "గదే" అంది. నేను తెలుసుకున్నదంతా గడగడా చెప్పేశాను. మంచి కబురు మోసుకొచ్చానని నా సంబరం.

పెద్దమ్మ చేతిలో ఉన్న చీపురు కింద పెట్టి కూర్చుంది.

"అంటే ఆయన సావలేదా?"

"చావలేదేమో అంటున్నాను పెద్దమ్మా. మంచిదే కదా."

"ఏంది మంచి? బతికున్నోనికి రాయి పెట్టినమా? బతికున్నోనికి సచ్చినోళ్ల కూడు పెట్టిన్నా నేను, ఇన్నేండ్లు? గట్ల పెడితే ఆయుష్షు తరుగుతది బిడ్డా. ఎవరి కొడుకునో నా చేతుల్తోని నేనే సంపుకుంట వచ్చిన్నా ఏంది?"

అలాంటిదేమీ జరగదని చెప్పాను. నీకు తెలియదులే అన్నట్టు చూసింది. ఆ తరువాత వారం అమ్మ ఫోన్ చేసి నన్ను కడిగిపారేసింది. "నీకెందుకే గీ ఆరాలు? అక్క తింటలేదు. ముద్ద పట్టుకుంటే ఆయనే యాదికొస్తుండని పక్కన పెడుతున్నదట." నాకు నిజంగా భయమేసింది. పెద్దమ్మ మొదటే బక్క మనిషి.

ఊరి పెద్దాయన దగ్గరికి వెళ్లి, రాయి తీసేయమని అడిగాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. "ఊకె తియ్యరాదమ్మా. సచ్చినోని రాయి తీస్తే ఆయన దిక్కులేనోడైతడు. బతికున్నోని రాయి ఉంచితే ఆయనకు కీడు. గా సెల్లుల చూసింది నమ్మి చేస్తమా? తెల్సినోళ్లను కలిసి ఖాయంగా కనుక్కొని రాండ్రి." నేను ల్యాబులో రోజూ చెప్పే మాటనే ఆయన నాకు చెప్పి పంపాడు.

అలా పెద్దమ్మ, నేను భద్రాచలంలో బస్సెక్కాం. బయలుదేరే ముందు రాయి పక్కనున్న ట్యాంకును అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాను. పైభాగాన రింగుల్లా పొడుచుకొచ్చిన రెండు లోహపు చెవులను దగ్గర నుంచి తీశాను. దారిపొడవునా పెద్దమ్మ కిటికీ వదల్లేదు. ఆమె అడవి దాటి అంత దూరం రావడం అదే మొదలు.

మ్యూజియం గేటు దాటగానే మేము వచ్చిన పని కాసేపు మర్చిపోయానని ఒప్పుకోవాలి. మొదట కనబడింది సముద్రం మీద గస్తీ తిరిగిన పాత విమానం. ఎంత పొడుగుందంటే, తోక చూడటానికి వెనక్కి వెనక్కి నడిచి ఎవరి కాలో తొక్కాను. పొట్టకు వేసిన రంగు ఎండకు వెలిసిపోయింది, కానీ రేకుల అతుకుల మీద మేకుల వరుసలు ఎంత తీరుగా ఉన్నాయో. మెట్లెక్కి లోపలికి పోతే పాత రెగ్జిన్ వాసన, మెషీన్ ఆయిలు వాసన. బయట అంత పెద్దదైనా లోపల ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఎటు చూసినా గుండ్రటి ముళ్ల మీటర్లు, మీటలు. ఒక్కొక్కటీ ఎందుకోనని చదువుకుంటూ నేను దారికి అడ్డం నిలబడితే వెనక కాలేజీ పిల్లలు విసుక్కున్నారు.

పెద్దమ్మ చూపు వేరు. ఆమె మీటర్లను చూడలేదు, కుర్చీలను చూసింది.

"గింత ఇరుకుల మోకాళ్లు ఏడ పెట్టుకుంటరు?" అంది. "పొద్దంత గాల్లనే ఉంటే తిండి ఎట్ల? ఒంటికి రెంటికి ఎట్ల?"

ఆ మాట వెనక నుంచి విన్న వయసు మళ్లిన ఒకాయన నవ్వాడు. మ్యూజియంలో గైడుగా ఉన్నాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇలాంటి విమానాలకే రిపేర్లు చేశానని చెప్పాడు. "అందరూ ఎంత స్పీడు పోతుంది, ఎన్ని బాంబులు పడతాయి అని అడుగుతారమ్మా. లోపలి మనిషి సంగతి అడిగింది మీరే." అని ఆమెకు వేడినీళ్ల కెటిల్ పెట్టుకునే చోటు, వంతులవారీగా నడుము వాల్చే బల్ల, అన్నీ చూపించాడు. పెద్దమ్మ బల్ల మీద అరచెయ్యి పెట్టి చూసింది. ముట్టుకోవద్దని బోర్డుంది, ఆయన చూసీ చూడనట్టు పక్కకు తిరిగాడు.

ఆయన్ని వదలకూడదని నేను ఆయన వెనకే కిందికి దిగాను. చిన్న యుద్ధ విమానం అవతలి షెడ్డులో ఉంది. పెద్దదాన్ని చూసిన కళ్లకు అది బొమ్మలా ఉంటుందనుకున్నాను, కానీ దగ్గరికి పోతే ఒళ్లు జలదరించింది. ముక్కు సన్నగా, ఒళ్లంతా బిగించినట్టుగా, ఇప్పుడే ఎగిరి పోతుందేమో అన్నట్టుంది. ఒక్కడే మనిషి పట్టే అద్దాల గది. దాని రెక్క కింద ట్యాంకు. పెద్దమ్మ దాని ముందు ఆగిపోయింది. చిన్నప్పుడు ఇసుకలో చూసినదాన్ని, ఉండాల్సిన చోట ఉండగా చూడటం అదే మొదటిసారి.

నేను గైడుకు కథంతా చెప్పాను. రాయి సంగతి, విస్తరి సంగతి కూడా చెప్పాను. నవ్వుతాడేమోనని అనుమానపడ్డాను, నవ్వలేదు. కళ్లజోడు సవరించుకుని నా ఫోను తీసుకుని ఫోటోలన్నీ చూశాడు. చెవుల ఫోటో దగ్గర ఆగాడు.

"ఇది ఏ విమానానిదో చెప్పలేను. కానీ ఇవి చూడండమ్మా. ఈ చెవులను విమానం కొక్కేలు పట్టుకుని ఉంటాయి. ట్యాంకు ఊడి పడిపోతే ఈ చెవులు చిరిగిపోవాలి, లేదా వంగిపోవాలి. రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైలట్ కొక్కేలు తెరిచి వదిలేశాడు. అది చెయ్యాలంటే మనిషి స్పృహలో ఉండాలి, చెయ్యి ఆడాలి."

"విమానం పడలేదా మరి?" అన్నాను.

"అక్కడే పడి ఉంటే వాగు నిండా ముక్కలుండేవి. ఇంజను ఎక్కడికి పోతుంది? బరువు తగ్గించుకుని ముందుకు పోయాడు."

పెద్దమ్మ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇల్లు చేరిండా అయ్యా?"

ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అది నాకు తెలియదమ్మా. చేరాడని అబద్ధం చెప్పలేను. మీ పొలిమేరలో మాత్రం చనిపోలేదు."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్లూ బతికున్న మనిషికి రాయి పెట్టి ఆయన ఆయుష్షు తగ్గించామేమోనని, వచ్చీరాని మాటల్లో ఆయనతో చెప్పింది. నేను ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాను.

"మా వాళ్లు కొందరు అడవుల్లో, కొండల్లో పడిపోయారమ్మా" అన్నాడాయన. "కొందరు దొరకనే లేదు. వాళ్లు పడిన చోట ఎవరైనా ఒక ముద్ద పెట్టారో లేదోనని నేను ఇప్పటికీ అనుకుంటుంటాను. మీరు చేసింది కీడని మాత్రం అనకండి."

పెద్దమ్మ ఆయన మొహం చూసి, చేతులు జోడించింది. బయటికి వచ్చాక సముద్రం చూపిస్తానంటే "నీళ్లే గద" అని ఒకసారి చూసి, టీ తాగుదామంది. టీతో పాటు నేను కొన్న బన్ను ముందు పక్కన పెట్టింది, తరువాత సగం తింది. సగమే అయినా నా ప్రాణం కుదుటపడింది.

ఊరికి వచ్చి పెద్దాయనకు అంతా చెప్పాం. కొక్కేలు, చెవుల సంగతి ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. ట్యాంకు దగ్గరికి పోయి ఆ చెవుల్లో వేలు పెట్టి చూసి, "అవ్, ఇరగలే" అన్నాడు. నిలబెట్టిన ఇంటివాళ్లే రాయిని పడుకోబెట్టాలని, ఆ పని కొత్తల పండుగ రోజు పొద్దున చెయ్యాలని తీర్పు చెప్పాడు. విరగ్గొట్టకూడదు, పారెయ్యకూడదు, నలుగురు నడిచేచోట వెయ్యకూడదు.

పండుగకు నేను సెలవు పెట్టి వెళ్లాను. పెద్దమ్మ, మా మేనమామ కలిసి రాయి మొదట్లో తవ్వారు. అది అంత లోతుగా ఉందని ఎవరమూ అనుకోలేదు. మెల్లగా వంచి, పడిపోకుండా చేతులతో ఆపుకుంటూ గడ్డి మీద పడుకోబెట్టారు. పెద్దమ్మ దాని మీద మట్టి దులిపింది. తరువాత మిగతా రాళ్ల దగ్గర విస్తళ్లు పెట్టడం అయిపోయింది. విమానపాయన చోట ఏమీ పెట్టలేదు. ఆమె ఖాళీ చేతులతో ఇంటికి నడిచింది, నేను వెనకే నడిచాను. ఆయనతో ఆమెకు ఉన్న ఒక్క సంబంధాన్నీ నేనే తెంపేశాననిపించింది.

ఇంటి ముందు చుట్టాలకు వరుసగా విస్తళ్లు వేశారు. నేను కూర్చున్నాక పెద్దమ్మ నా పక్కన ఇంకో విస్తరి పరిచింది. అన్నం పెట్టింది, కోడికూర వేసింది, నీళ్లు పెట్టింది. ఎవరికని అడిగాను.

"ఆయనకే" అంది. "వచ్చుకుంట తొవ్వల ఉండచ్చు గద."

అందరం తినడం మొదలుపెట్టాం. ఆ విస్తరి అలాగే ఉంది. రాళ్ల దగ్గర పెట్టిన అన్నం ఆ ఊళ్లో మనుషులెవరూ ముట్టరు, ఇదీ అలాంటిదేననుకుని పిల్లలు కూడా దాన్ని దూరం నుంచి చూస్తున్నారు. అందరి తిండీ అయిపోవచ్చాక పెద్దమ్మ వచ్చి ఆ విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అన్నం కలిపింది. నన్ను చూసి ఒక కోడిముక్క తీసి నా ఆకులో వేసింది.

"ఏం చూస్తున్నవ్, తిను" అంది. "బతికున్నోని కూడే." అని పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.