ఆర్పిన నక్షత్రం పక్కన

2011 సెప్టెంబరు ఇరవై, విడవని ముసురు. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోగా, ఆరోన్ కొండాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు నడిచే వచ్చాడు. రెండు దుర్భిణుల కాంతిని కలిపి, నక్షత్రపు వెలుగును దానితోనే ఆర్పి, పక్కనున్న గ్రహాన్ని వెదకడం అతని పని. దీన్ని వ్యతికరణమంటారు, చక్కని తత్సమం, పలికే నాథుడే లేడు. మూడేళ్లుగా వెదుకుతున్న చుక్క ఆనాడు తెరపై మెరిసింది. కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాడు. చెప్పుకుందామంటే అంతస్తులో ఎవరూ లేరు. కాపలాదారు యాదగిరిని పిలుచుకొచ్చాడు.

"గిదేంది సార్, దుమ్మా?" అంటూ యాదగిరి తుడవబోయాడు.

"దుమ్ము కాదండీ, గ్రహం!"

"అయితే జర ఆగుండ్రి, చాయ్ తెస్త. గింత సంబురం ఒక్కరే చేసుకుంటరా?"

ఆరేళ్లకు యాదగిరికి ఆరోన్ నుంచి ఉత్తరం వచ్చింది: "అది గ్రహం కాదండీ, వెనకెక్కడో ఉన్న మరో నక్షత్రమట. ఆ సంగతి తేలిన రోజే ఆఫీసులో అందరికీ చెప్పేశాను. మీకు చెప్పడానికే మనసు రాలేదు. సంబరపడింది మీరొక్కరే కదా."