మగ్దలీనమ్మ వడగట్టిన రసం

గిద్దలూరు మిషన్ గుడి ఊడ్చేది, గంట కొట్టేది, ప్రభువు బల్లకు ద్రాక్షారసం చేసేది మగ్దలీనమ్మే. ఆ తాలూకాలో పచ్చి ద్రాక్ష దొరకదు. అబ్దుల్ వహాబ్ దుకాణంలో నల్ల ఎండుద్రాక్ష కొని, తొడిమలు గిల్లి నానబెట్టి, ఆదివారం పొద్దున్నే పిసికి గుడ్డలో వడగడుతుంది. పిసికిన వేళ్లు కూడా నాకదు, కడిగేస్తుంది. రుచి చూడమని మిషన్ దొరసానమ్మ చెప్పినా, బల్ల దగ్గర తప్ప ఆ రసం నోట పెట్టదు.

ఒక వానాకాలం సగిలేరు పొంగి పాస్టరయ్యగారు రాలేకపోయారు. రసం పారబోయడానికి చేతులు రాక, జాడీలో పోసి మూతికి గుడ్డతో వాసెన కట్టి, పై ఆదివారం దాన్నే బల్ల మీద పెట్టింది. గిన్నె మగవాళ్ల వరసలో ఆమె భర్త శాంతయ్య దగ్గరికి వచ్చింది. బాప్తిస్మం నాడు సారాయి మానిన మనిషి. నోటిదాకా తీసుకెళ్లి, ఆగి, తాగకుండానే పక్కవాడికి అందించాడు. సారాయి ఎరగని మగ్దలీనమ్మకు, తన వంతు వచ్చినప్పుడు, కాస్త ఘాటనిపించింది, అంతే.

"ప్రభువు గిన్నె కాదంటివే, ఏం పాపం చేసినావయ్యా?" అని ఇంట్లో నిలదీసింది.

"పాపం గాదు మే, అది పులిసింది. ఒక్క గుక్క లోపలికి పోయింటే, ఈ పాటికి సారా అంగడి కాడ ఉందును."

ఆమె ఇప్పటికీ రుచి చూడదు. గుడికి బయలుదేరేముందు వాసెన విప్పి జాడీని శాంతయ్య ముందు పెడుతుంది. అతను చేతులు వెనక్కి కట్టుకుని, వంగి వాసన చూసి, "ఊ, తీసుకపో" అంటాడు. ఆమె వాసెన బిగించేదాకా ఆ చేతులు ముందుకు రావు.