నూకరత్నం మేడం బొట్టుబిళ్ళ

కాలేజీ నుంచి ఇంటికొస్తూ గాజువాక బస్సులో నుదురు తుడుచుకున్నాను. చెమట తప్ప చేతికేమీ తగల్లేదు. చూపుడువేలికి మాత్రం బొట్టుబిళ్ళ జిగురు ఇంకా అంటుకునే ఉంది. బొటనవేలితో రుద్దితే సాగుతోంది. బిళ్ళ ఎక్కడుందో నాకు తెలుసు, పొద్దున క్లాసులో నేనే తీసి ఒకచోట పెట్టాను. చేసింది మంచి పనో కాదో తేలక అప్పట్నుంచీ కొట్టుమిట్టాడుతున్నాను. ఇలా తేలని సంగతి ఏదొచ్చినా నాకు నూకరత్నం మేడం గుర్తొస్తారు.

మేడం యారాడలో చేపల వేటకెళ్ళే వాళ్ళింటి ఆడపిల్ల. గాజువాకలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. పొద్దున్నే తన ఇంటి వరండాలో మాకు ట్యూషన్. కాలేజీలో పుస్తకం భాష, వరండాలో యారాడ భాష. నేను చేరేనాటికి నా ఇంటర్ అయిపోయింది, ఇంజనీరింగ్ ఎంట్రన్సులో ర్యాంకు రాలేదు, మళ్ళీ రాయడానికి లాంగ్‌టర్మ్ కోచింగు మొదలుపెట్టాను. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా నాన్న ఒకటే మాట చెప్పారు. "ఈ ఒక్క ఏడాదేనమ్మా. సీటొస్తే ఇంజనీరింగు. రాకపోతే నోరెత్తకుండా బీకాంలో చేరిపోవాలి." బీకాం అంటే నాకు ఏడుపొచ్చేది. ఫిజిక్స్ అంటే ఇష్టమే, కానీ అది నాకు వచ్చో రాదో నాకే తెలిసేది కాదు.

మొదటిరోజు మేడం అడిగారు, "పుస్తకం ఎక్కడిదాకా అర్థమైందే?"

"మొత్తం అయిపోయిందండి."

"అయిపోడం కాదే, అర్థమవడం." ఒక లెక్క చూపించారు. తొట్టిలో పడవ తేలుతోంది, పడవలో లంగరు ఉంది. లంగరు తీసి నీళ్ళలో దించితే తొట్టిలో నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా? "తగ్గుతుందండి," అని ఠక్కున చెప్పాను. కోచింగులో బట్టీపట్టిన జవాబు. "ఎందుకు?" అన్నారు. మళ్ళీ అదే చెప్పాను. ఆవిడ బొట్టుబిళ్ళల అట్ట మీంచి మెరూన్ రంగు బిళ్ళ ఒకటి ఊడదీసి ఆ లెక్క పక్కన అంటించారు. "నీ సదువు ఇక్కడాగింది. సిగ్గేటి? అర్థమయ్యాక బిళ్ళ తీసి కిందకి జరుపు."

అదీ ఆవిడ పద్ధతి, తెలియని చోట ఆగాలి, అర్థమయ్యాకే కదలాలి. మగపిల్లల పుస్తకాలకూ బొట్లే. "బావా, నీ పుస్తకానికి పెళ్ళిచూపులేటి?" అని వాళ్ళలో వాళ్ళు ఏడిపించుకునేవారు. పండక్కి ముస్తాబైనట్టు ఉండేవి మా పుస్తకాలు. నా బొట్టు మాత్రం లంగరు దగ్గర్నుంచి కదిలేది కాదు. ఒకరోజు మేడం విసుగెత్తి బక్కెట్టులో నీళ్ళు పట్టి, అందులో స్టీలు గిన్నె తేలేసి, గిన్నెలో పచ్చడి నూరే పొత్రం పెట్టారు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, ఆ అంచుకి కాస్త పైన, తడి లేనిచోట బొట్టుబిళ్ళ అంటించారు. పొత్రం తీసి మెల్లగా అడుక్కి దించారు. నీళ్ళు బొట్టుకు దూరంగా దిగిపోయాయి. కళ్ళారా చూశాను, అయినా ఎందుకో తెలియలేదు. ఆ మాటే చెప్పాను.

మేడం నవ్వారు. "మా అయ్య బతుకంతా లంగరు దించాడు. సముద్రం దిగిందని ఒక్కనాడూ అన్లేదు. నాకూ శానాకాలం బుర్ర తిరిగిందే. సూడు, గిన్నెలో ఉన్నంతసేపూ రాయి బరువంతా నీళ్ళే మోసినాయి. అడుక్కి దిగినాక బక్కెట్టూ మోత్తంది. నీళ్ళకి అంత కష్టం నేదు." ఆ రోజు నా బొట్టు కదిలింది. ఇంటిదాకా నడిచి వెళ్ళాను, షేర్ ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

పరీక్షలో తప్పు రాస్తే మార్కులు కోసేస్తారు. అర్థమైనవి చేశాను, కానివి వదిలేశాను. గేటు దగ్గర పిల్లలందరూ గుడ్డిగా అన్నీ పెట్టేశామని చెప్పుకుంటున్నారు. ర్యాంకు వచ్చింది కానీ సీటు అందలేదు. కాస్తలో పోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా మేడం వరండాలోకి వెళ్ళి అడిగేశాను.

"మీరు చెప్పినట్టే తెలియని చోట ఆగాను. ఊహించి పెట్టుంటే సీటు వచ్చేదా, రాదా?"

నీదే తప్పంటారనుకున్నాను, లేదా ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ నా ర్యాంకు కాగితం తీసుకుని చూశారు. "ఏమోనే. వచ్చేదేమో. ఉన్నది కూడా పోయేదేమో. నాకు తెలీదు." అని, నుదుటి మీది బిళ్ళ తీసి ఆ కాగితం మీద అంటించారు. "నానూ ఇక్కడిదాకే." ఆవిడ కళ్ళు చెమర్చి ఉన్నాయి. నా కోపం ఎటుపోయిందో తెలియదు. మనసు మాత్రం కాస్త తేలికపడింది.

నాన్న బీకాం మాటెత్తితే బీఎస్సీ ఫిజిక్స్ అన్నాను. "దాంతో ఏమొస్తుందమ్మా?" అన్నారు. "తెలియదు నాన్నా, బొట్టు ఇంకా ఆ కాగితం మీదే ఉంది." ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఒప్పుకున్నారు. ఇప్పుడు నేనూ ఇంటర్, లాంగ్‌టర్మ్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. మేడం పోయారు. ఆవిడ నాకు మేలు చేశారా, సీటు పోగొట్టారా అన్నది ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. బొట్టుబిళ్ళల అట్ట మాత్రం నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది.

ఈరోజు పొద్దున అట్ట ఖాళీ అయిపోయింది. గోపాలపట్నం నుంచి వచ్చే శిరీష, లాంగ్‌టర్మ్ పిల్ల, నిలదీసినట్టు అడిగింది. "తెలీని చోట ఆగమంటన్నారు. ఆగినందుకే సీటు పోతే ఏటి సెయ్యాలి మేడం?" క్లాసంతా నా వంక చూసింది. ఇన్నేళ్ళు గడిచాయి కదా, ఏదో ఒకటి తోస్తుందని ఆగాను. నుదుటి మీది బిళ్ళ తీసి ఆ పిల్ల పుస్తకం మీద అంటించాను.

"నానూ ఇక్కడిదాకేనమ్మా," అన్నాను. మా ఇంట్లో ఎవరూ 'నాను' అనరు.