జేబులో ఉల్లిగడ్డ

చైతన్యపురి హాస్టల్లో నా రూమ్మేట్‌ది నల్లగొండ దగ్గర పల్లె. మాది గుంటూరు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ ఎండాకాలం ఇద్దరం భువనగిరి గుట్ట ఎక్కాలనుకున్నాం. అనుకున్న ప్రతిసారీ ఏదో ఒక బంద్ వచ్చేది. వాడు విసుక్కోకుండా మళ్లీ మొదలుపెట్టేవాడు.

"పొద్దుగాల ఐదింటికే బస్సెక్కాలె. ఎండ ముదరకముందే దిగాలె. చెరి రెండు సీసాల నీళ్లు, జేబుల చెరొక ఉల్లిగడ్డ."

జేబులో ఉల్లిగడ్డ ఉంటే వడదెబ్బ తగలదని వాడి నమ్మకం. ఎండాకాలం అది లేకుండా గడప దాటేవాడు కాదు.

చివరికి ఒక ఆదివారం ఖాయమైంది. ముందురోజు మధ్యాహ్నం వాడు ఉద్యమ సభకు బయలుదేరుతుంటే, ఉబ్బిన జేబు చూసి అందరి ముందూ నవ్వాను.

"ఎమ్మెస్సీ చదువుతూ ఇదేం పిచ్చిరా?"

వాడు సిగ్గుపడి, ఉల్లిగడ్డ తీసి కిటికీలో పెట్టాడు.

"సరే తియ్. రేపు గుట్టకైతే నీ జేబుల గూడ ఏస్తా."

సభలోనే వడదెబ్బ తగిలింది. దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది.

సామాన్లు తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న వచ్చారు. కిటికీలోని ఉల్లిగడ్డను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"గిది ఎన్నడు మర్శిపోడు బిడ్డా. ఆ రోజు ఎట్ల మర్శిండు?"

"తొందరలో మర్చిపోయాడండీ," అన్నాను.